రాణి నుదుటి మీద నామం

నిన్న నేను పైడినాయుడి ఊళ్ళో బస్సు దిగి, రెండు నిమిషాల్లో మళ్ళీ అదే బస్సెక్కి వెనక్కొచ్చేశాను. కండక్టరు కంగారు పడిపోయాడు. "ఏటి సావుకారూ, ఏటైనా మర్సిపోనారేటి?" అని. మరిచిపోలేదు నాయనా, అక్కడి జనం నన్ను గుర్తుపట్టేశారు! ఎందుకు గుర్తుపట్టారో, పట్టి ఏమన్నారో చెప్తాను కూర్చోండి. ముందు టీ చెప్పండి. అల్లం బాగా వెయ్యమనండి. ఇది ఒక్క కప్పుతో తేలే కథ కాదు.

మా ఇల్లు మీకు తెలుసుగా. ముందు బట్టల కొట్టు, వెనక కాపురం. పెరట్లో ఆకుపచ్చ టైల్స్ వేసిన చిన్న కొలను, అందులో కోయి చేపలు. జపాన్ వాళ్ళు ముచ్చటపడి పెంచుకునే రంగురంగుల చేపలు. అవి మా ఆవిడ లలితవి. మా ఇంటి సంగతి మీకు చెప్పాలా? ఉల్లిపాయ కూడా ఏకాదశి చూసుకుని తినే ఇల్లు. పక్కింటివాళ్ళు చేప వేయిస్తే మా అమ్మ కిటికీ తలుపులన్నీ మూసి అగరొత్తులు వెలిగిస్తుంది. అలాంటి ఇంట్లో చేపలంటే అమ్మ ముందు ససేమిరా అంది. "పెంచుకోడానికే అత్తయ్యా, వండడానికి కాదు" అని లలిత నెల రోజులు బతిమాలి ఒప్పించింది.

ఐదు చేపలు. వాటిల్లో రాణి అంటే లలితకి ప్రాణం. తెల్లటి ఒళ్ళు, వీపు మీద నారింజ మచ్చ. లలిత గాజుల చప్పుడు వింటే గట్టు దగ్గరికొచ్చి చేతిలో మేత తినేది. నేను పిలిస్తే మాత్రం అడుక్కి వెళ్ళిపోయేది. చేపకి కూడా మనిషి విలువ తెలుస్తుందని అప్పుడు అర్థం కాలేదు.

లలిత చెల్లెలికి పాతపట్నంలో పురుడు. సాయానికి నెలన్నర ఉండాలని బయల్దేరింది. ఆటో ఎక్కుతూ నాకు మూడు మాటలు చెప్పింది.

"పొద్దున సిటికెడు, సాయంత్రం సిటికెడు మేత. ఇంకేటీ వెయ్యొద్దు. కొత్త సేప తేవద్దు. ఆ మూల నీలం తొట్టి ముట్టుకోవద్దు."

"నేనేమైనా చిన్నపిల్లాడినా?" అన్నాను.

"సిన్నపిల్లలైతే సెప్పిన మాటింటారు" అంది. ఆటో కదిలాక తల బయటికి పెట్టి, "రాణి జాగ్రత్తండీ. దానికేటైనా అయితే నాను మళ్ళీ ఈ గుమ్మం ఎక్కను" అంది. నవ్వుతూనే అంది గానీ, కళ్ళల్లో నవ్వు లేదు.

ఐదో రోజున నా బుర్రలో పురుగు తొలిచింది. లలితకి ఎప్పట్నుంచో నల్ల కోయి కావాలని కోరిక. రోడ్డు మీద అక్వేరియం కొట్లో అద్దాల పెట్టెలో నల్ల చేప నిగనిగలాడుతూ కనిపించింది. సర్‌ప్రైజ్! ప్లాస్టిక్ సంచిలో ఇంటికి తెచ్చి, ముడి విప్పి, నీళ్ళతో సహా కొలనులోకి వంచేశాను. కొత్త చేపని నెల రోజులు విడిగా ఉంచి, రోగం రొష్టూ లేదని చూసుకున్నాకే మిగతావాటితో కలపాలట. నీలం తొట్టి అందుకేనట. నాకేం తెలుసు? పాత తొట్టి అనుకున్నాను.

ఇంకో మూడు వారాలు గడిచాయి. అప్పుడు మొదలైంది. రాణి మేత మానేసింది. సరిగ్గా ఆ రోజు ఏకాదశి. "సూసేవా, ఉపాసం ఉన్నాది" అంది అమ్మ. మర్నాటి నుంచి కొలను గోడలకి ఒళ్ళు రాసుకుంటూ, పక్కకి దొర్లుతూ అడుగున రాళ్ళ మీద పొర్లడం మొదలెట్టింది. "పొర్లుదండాలురా!" అంది అమ్మ. ఆ తర్వాత నీటి పైకొచ్చి మూతి తెరుస్తూ మూస్తూ అలా నిలబడిపోయింది. ఇంక అమ్మ చెప్పనక్కర్లేదు, నాకే అనిపించింది అది జపం చేస్తోందని.

శనివారం పొద్దున్నే అమ్మ రాగి చెంబుతో పెరట్లోకి వెళ్ళి ఒక్క కేక పెట్టింది.

"ఒరే సత్తీ! రారా! రాణి మొకాన నామం ఎలిసిందిరా!"

పరిగెత్తాను. నిజమే! రాణి నుదుటి మీద ఎర్రటి బొట్టు. అందులోంచి రెండు తెల్లటి గీతలు, అటొకటి ఇటొకటి. మధ్యన ఎరుపు, పక్కన తెలుపు. మీరైనా ఏమనుకుంటారు చెప్పండి? బట్టల వాడిని, పోగు చూసి నూలు ఎంత సన్నమో నెంబరుతో సహా చెప్పేవాడిని. వంగి, కళ్ళజోడు సవరించుకుని మరీ చూశాను. దారం పోగులు అంటుకున్నాయేమో అనుకున్నాను. కాదు, లోపల్నుంచే వచ్చాయి. అక్కడే చెప్పులు విప్పేశాను. అంత నమ్మకంగా ఇంకెప్పుడూ దేన్నీ నమ్మలేదు.

"శ్రీకూర్మంలో తాబేలు రూపం. మనింట్లో సేప రూపం" అంది అమ్మ చేతులు జోడించి. "వరసలో సేపే ముందురా. మొదటి అవతారం!"

కూర్మనాథస్వామికే సీనియారిటీ లెక్క చెప్పేసింది మా అమ్మ. నేను తలూపాను.

సాయంత్రానికి వీధి వీధంతా మా పెరట్లో ఉంది. మర్నాడు పక్క వీధులు. ఆడవాళ్ళ భజన బృందం తాళాలతో దిగింది. ఒకావిడ కొలనులో పసుపేసింది. ఇంకొకావిడ పాలు పోస్తానంటే నేనే ఆపి, గ్లాసుడే పొయ్యమన్నాను. అదీ నా జాగ్రత్త! వచ్చినవాళ్ళకి ప్రసాదం పెట్టాలిగా. అంత పులిహోర కలపడానికి గిన్నె లేదు. నీలం తొట్టి కడిగేశాం. పులిహోర తిన్నవాళ్ళు చెయ్యి కడుక్కునేదీ కొలనులోనే, మిగిలిన మెతుకులు వేసేదీ కొలనులోనే.

కొట్లో కూడా కళ పెరిగింది. దర్శనానికి వచ్చినవాళ్ళు జాకెట్టు ముక్కైనా చూడకుండా వెళ్ళేవారు కాదు. నన్ను చూసి చెప్పులు విప్పి నమస్కారం చేసినవాళ్ళున్నారు. నాకు తలకెక్కిందా? ఎక్కింది. మన ఫోటో స్టూడియో ఆయన పెద్ద కెమెరాతో రాణి మూతి పైకి పెట్టిన క్షణంలో ఫోటో కొట్టాడు. దాంతో ఎనిమిదడుగుల ఫ్లెక్సీ వేయించాను. పైన "శ్రీ మత్స్యనామ దర్శనం, అందరూ ఆహ్వానితులే". నడుమ రాణి తల, నామం చేతి కర్రంత లావున. కింద కుడిపక్క పట్టు కండువాతో, దండం పెడుతూ నేను. నా తల రాణి తలకన్నా పెద్దదిగా ఉండాలని ఫ్లెక్సీ కొట్లో చెప్పింది కూడా నేనే. ఈ మాట మాత్రం బయట అనకండి.

లలితకి చెప్పలేదు. వచ్చాక చూసి పొంగిపోతుందని.

నాలుగో రోజున పైడినాయుడు వచ్చాడు. కొడుకు పెళ్ళికి పంచెలకని. పాతికేళ్ళుగా మా ఖాతాదారు, ఊళ్ళో చెరువు పాటకి తీసుకుని చేపలు పెంచుతాడు. దర్శనం చేసుకోమని నేనే పెరట్లోకి తీసుకెళ్ళాను. గట్టు మీద గొంతుక్కూచుని కాసేపు చూశాడు. చెప్పులు మాత్రం విప్పలేదు.

"సావుకారూ, తప్పుగా అనుకోకండి. ఇది నామం కాదు. పురుగు."

"పురుగేమిటి నాయుడూ!"

"లంగరు పురుగంటాం. తల లోపల కండలోకి దించేసి, పడవ లంగరేసినట్టు ఉండిపోద్ది. బయట కనిపిస్తన్నాది దాని తోక. ఒళ్ళు దురదెట్టి సేప గోడకి రాసుకుంటాది. మేత ముట్టదు. మీ సేప రాసుకుంటన్నాదా లేదా?"

"అవి పొర్లుదండాలు" అన్నాను.

నాయుడు నా మొహంకేసి అలా చూశాడు. "పైకొచ్చి నోరు తెరుస్తన్నాదా?"

"జపం."

"గాలాడక బాబూ! నీల్లలో పులిహోరేటి, పసుపేటి? పురుగు ఇయ్యాలే పీకేయాల. ఆలస్యమైతే మిగతావాటికీ అంటుకుంటాది."

అప్పుడు నేనన్న మాట తల్చుకుంటే ఇప్పటికీ దుప్పటి ముసుగేసుకోవాలనిపిస్తుంది. ముప్పై ఏళ్ళు చెరువుల్లో మునిగి తేలిన మనిషితో, జీవితంలో చేపని వేలితో ముట్టని నేను ఏమన్నానో తెలుసా?

"నాయుడూ, నీవి తినే చేపలు. మావి చూసే చేపలు. రెండూ వేరు."

"పురుక్కి ఆ తేడా తెల్దు సావుకారూ" అని లేచి, పంచెల మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం లలిత ఫోను. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. పెళ్ళైన ఇరవయ్యేళ్ళలో ఆవిడ గొంతు అంత నెమ్మదిగా ఉన్నప్పుడు నాకెప్పుడూ మంచి జరగలేదు.

"ఏటండీ, మా సెల్లి అత్తగారికి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. పదకొండు మందికి పంపితే శుభవార్త వింటారట. నాకూ పంపేరు. సేపకి నామం."

"ఓహో" అన్నాను.

"ఎనకాల ఆకుపచ్చ టైల్స్ ఉన్నాయి. కింద మీరున్నారు."

"సర్‌ప్రైజ్..." అన్నాను.

"కొత్త సేప తెచ్చేరేటి?"

"నల్లది. నీకిష్టమని."

"తొట్లో ఉంచేరేటి?"

"తొట్టిలో... తొట్టిలో పులిహోర ఉంది లలితా."

అవతల్నుంచి పసిబిడ్డ ఏడుపొక్కటే వినిపిస్తోంది. తర్వాత లలిత ఏడుపు వినిపించింది. తిట్టుంటే బాగుండేది. నిజంగా ఏడ్చింది.

"అది సచ్చిపోతాదండీ. పురుగు పడితే ఇన్ని రోజులు మీరు దండాలెట్టేరు. రేపు మధ్యాహ్నం బస్సుకొస్తన్నాను. నానొచ్చేసరికి రాణి బతికుండాల. నేదా, ఆ ఫ్లెక్సీ కింద మీరూ మీ అమ్మా కాపురం సేసుకోండి."

ఫోను పెట్టేసి పెరట్లోకి వెళ్ళాను. భజన జోరుగా సాగుతోంది. రాణి ఓ మూల, తోక కూడా కదపకుండా, పక్కకి ఒరిగి ఉంది. నామం చుట్టూ ఎర్రదనం రూపాయి బిళ్ళంత అయింది. మొదటిసారి నాకు నామం కనిపించలేదు. పుండు కనిపించింది.

స్కూటరు తీసి నాయుడి ఊరికి ఉరికాను. దార్లో ఏం చెప్పాలో వంద రకాలుగా అనుకున్నాను. ఆయన చెరువు గట్టు మీద వల ఆరేస్తున్నాడు. నన్ను చూసి, ఒక్క మాట దెప్పకుండా వల దించాడు.

"నామం ఏటైంది సావుకారూ?"

"పురుగైంది నాయుడూ" అన్నాను.

"పదండి" అన్నాడు.

చిన్న వల, కంసాలి వాడే సన్న పట్టకారు, గాయాల మందు సీసా, ఇంతే ఆయన సరంజామా. ఇంటికొచ్చాక తడి తువ్వాలు అడిగాడు. కొట్లోంచి కొత్త పొందూరు తువ్వాలు తడిపి తెచ్చాను. వలతో రాణిని నెమ్మదిగా గట్టుకి తెచ్చి, "పట్టుకోండి" అన్నాడు.

"నేనా? నాయుడూ, పుట్టి బుద్ధెరిగి చేపని ముట్టలేదు."

"హారతిచ్చిన సెయ్యే కదా? పట్టండి."

పట్టాను. జర్రున జారింది. పైకెగిరి తోకతో నా ఎడమ చెంప మీద ఒక్కటిచ్చింది చూడండీ, కళ్ళజోడు కొలనులో పడింది! వెనక భజన బృందం "గోవిందా!" అని కేక పెట్టింది. స్వామి నన్ను స్వయంగా అనుగ్రహించాడనుకున్నారు పాపం. మళ్ళీ తువ్వాలు చుట్టి రెండు చేతులా పట్టుకున్నాను. అప్పటికి దాని ఓపిక అయిపోయింది. నా అరచేతి కింద దాని మొప్పలు ఆయాసంతో కొట్టుకుంటున్నాయి. నవ్వకండి, నాకు ఏడుపొచ్చేసింది. గట్టు దగ్గరికొచ్చి నోరు తెరిచిన ప్రతిసారీ అది గాలికోసం అల్లాడుతుంటే, నేను కొబ్బరికాయ కొట్టాను.

నాయుడు పట్టకారు నామం మొదట్లో ఆనించాడు. అంతే, అమ్మ అడ్డం పడింది.

"ఓలమ్మో! నామం పీకేస్తన్నారర్రా! ఒరే సత్తీ, పాపం సుట్టుకుంటాదిరా!"

"మామ్మగారూ, కదపకండి. తొందరగా లాగితే తల లోపలే తెగిపోయి కుల్లిపోతాది" అన్నాడు నాయుడు, చూపు తిప్పకుండా. నెమ్మదిగా, నెమ్మదిగా లాగాడు. వచ్చింది. వేలెడు కూడా లేదు. ప్రసాదం స్టీలు పళ్ళెంలో పెట్టాడు. పుండుకి మందు అద్ది రాణిని నీళ్ళల్లోకి వదిలాక, పళ్ళెం అందరికీ తిప్పి చూపించాడు. ఒక చివర కొమ్ముల్లాంటి తల. రెండో చివర రెండు తెల్ల గీతలు.

"ఇయ్యేటి నాయనా, ఈ రెండు గీతలు?" అమ్మ గొంతు అప్పటికే తగ్గింది.

"గుడ్ల సంచులు మామ్మగారూ. ఇది ఆడది. ఒక్కో సంచిలో వందల్లో గుడ్లుంటాయి."

"గుడ్లా!"

కోడిగుడ్డు వేసిన కేకు వాసన కూడా గుమ్మం దాటనివ్వని మా అమ్మ, పదకొండు రోజులు మడికట్టుకుని, మూడు పూటలా గుడ్లకి హారతిచ్చింది! ఉయ్యాల బల్ల మీద కూలబడిపోయింది. తర్వాత మూడుసార్లు తలంటుకుంది. భజన బృందం తాళాలు చప్పుడు కాకుండా చీరకొంగులో కట్టుకుని ఒక్కొక్కరే జారుకున్నారు.

నాయుడు మిగతావాటినీ పట్టి చూశాడు. అన్నిటికీ ఉన్నాయి! పొట్ట కింద ఒకదానికి, తోక మీద రెండోదానికి. నేను తెచ్చిన నల్లదానికైతే నాలుగు. నలుపు మీద పుండు కనబడలేదు, అంతే.

"తోక మీద నామం ఎట్టుకునే బక్తుడు ఎవుడు సావుకారూ?" అన్నాడు. అదొక్కటే ఆయన దెప్పిన మాట.

పీకినంత మాత్రాన అయిపోదట. రాలిన గుడ్లు నీళ్ళలో పిల్లలవుతాయి కాబట్టి, చెరువుల మందుల కొట్లో దొరికే మందు, కొలనులో నీళ్ళు కొలిచి, వారానికోసారి మూడు నాలుగు వారాలు ఆయనే దగ్గరుండి వేయించాడు. పసుపు నీళ్ళు తోడించాడు. నీలం తొట్టి సబ్బు పెట్టకుండా కడిగించి ఎండబెట్టించాడు.

పురుగు పీకిన మర్నాడు లలిత బస్సు దిగింది. నాతో మాట్లాడలేదు. చీర కూడా మార్చుకోకుండా కొలను గట్టు మీద కూచుంది. మూడు రోజులు అక్కడే. నేను టీ ఇస్తే తీసుకునేది, నా మొహం చూసేది కాదు. నాలుగో పొద్దున నేను కొట్టు తలుపు తీస్తుంటే పెరట్లోంచి కేక.

"ఏటండీ! రాణి తిన్నాదండీ!"

పరిగెత్తాను. రాణి లలిత చేతిలో మేత తింటోంది. నుదుటి మీద చిన్న మచ్చ మిగిలింది. నేను వంగగానే గిరుక్కున తిరిగి అడుక్కి పోయింది. ఈసారి నేనేమీ అనుకోలేదు.

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ ఆ ఫ్లెక్సీ ఉందిగా! ఏడాది తిరిగాక, మొన్న వేసవి మొదట్లో నాయుడు వచ్చి లలితనడిగాడు. "అమ్మా, మా పక్కూల్లన్నీ కలిపి పాతిక సెరువులున్నాయి. పురుగెలాగుంటాదో సూపిద్దుమంటే ఇంత క్లియర్‌గా ఫోటో ఎవుడికాడా నేదు. ఆ ఫ్లెక్సీ ఇప్పించండి."

లలిత ఎంత సంతోషంగా ఇచ్చిందో! పైనున్న అక్షరాలు మాత్రం మార్పించి ఇస్తానంది. ఫ్లెక్సీ కొట్టుకి తనే వెళ్ళింది. "కింద నా ఫోటో తీయించేసెయ్" అన్నాను. "సరే" అంది. ఆ "సరే"ని నమ్మాను.

నిన్న నాయుడి కొడుక్కి బిడ్డ పుట్టాడంటే బట్టలు పెడదామని వెళ్ళాను. బస్సు దిగగానే ఎదురుగా చెరువు గట్టు మీద నా ఫ్లెక్సీ. పైన కొత్తగా అతికించిన పట్టీ మీద ఎర్రటి అక్షరాలు: "దీన్ని గుర్తుపట్టండి! ఎక్కడ కనబడినా వెంటనే పట్టకారుతో పీకేయండి!" నడుమ రాణి తల ఎండకి వెలిసిపోయింది, నామం జాడే లేదు. కింద, చెట్టు నీడ పడే మూల, పట్టు కండువాతో, దండం పెడుతూ, చెక్కుచెదరకుండా నేనొక్కణ్ణే ఉన్నాను.

దాని కింద నీడలో ఓ ముసలాయన బీడీ కాల్చుకుంటున్నాడు. ఫ్లెక్సీ చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ ఫ్లెక్సీ చూశాడు. బీడీ ఆర్పి, నా మీంచి చూపు తిప్పకుండా, పక్కాయనతో నెమ్మదిగా అన్నాడు.

"ఒరే, పట్టకారు తే."